పొగ మిషనుకు సాంబ్రాణి

కళ్యాణదుర్గంలో పెట్రోలు బంకు పక్కన నాకొక రేకుల గది ఉండేది. 'ఇచ్చట వాహన కాలుష్య పరీక్ష చేయబడును' అని బోర్డు రాయించి తగిలించాను. రాసినవాడు అక్షరాలకు నీడలు కూడా పెట్టాడు. అక్షరాలైతే బాగున్నాయి గానీ అందులో మాట నిజం కాదు. బండి వచ్చి ఆగేది. డ్రైవరు దిగకుండానే నంబరు అరిచేవాడు. నేను సర్టిఫికెట్ రాసి, ముద్ర కొట్టి, అద్దానికి అంటించుకునే స్టిక్కరుతో కలిపి కిటికీలోంచి అందించేవాణ్ణి. పరీక్ష అంటే అంతే. ఆ బండి సైలెన్సరు ఎక్కడుందో కూడా నేను చూసేవాణ్ణి కాదు.

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లవి. మా వైపు వానలు ఎగ్గొట్టడం అలవాటు చేసుకున్నాయి. నాయన ఏటా చేనులో వేరుశెనగ వేయడం, విత్తనం కూడా చేతికి రాకపోవడం చూసి చూసి విసుగొచ్చింది. ఐటీఐ చదివిన చదువుకు ఇది తగ్గ పని అనుకుని లైసెన్సు తెచ్చుకున్నాను. మిషను అమ్మిన కంపెనీవాళ్లు హైదరాబాదులో ట్రైనింగు కూడా ఇచ్చారు. అక్కడ శ్రద్ధగానే విన్నాను. ఊరికొచ్చాక మరిచిపోవడానికి ఎక్కువ రోజులు పట్టలేదు.

మిషను పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. ఒక ఇనుప డబ్బా, దానికో పొడుగాటి పైపు. పైపును బండి సైలెన్సరులో దూర్చి యాక్సిలేటరు కిందిదాకా తొక్కిస్తే పొగ డబ్బాలోకి వస్తుంది. డబ్బాలో ఒక చివర చిన్న దీపం, రెండో చివర ఆ వెలుతురు ఎంత వచ్చిందో కొలిచే కన్ను, రెండింటికీ ముందు చెరొక అద్దం. మధ్యలో పొగ ఎంత దట్టంగా ఉంటే వెలుతురు అంత తగ్గుతుంది, పైన కనిపించే అంకె అంత పెరుగుతుంది. అంకె హద్దు దాటితే బండి ఫెయిలు.

మొదట్లో పైపు పెట్టకపోలేదు. కానీ డీజిల్ బండిని నిలబెట్టి అంత గట్టిగా తొక్కమంటే డ్రైవర్లకు ప్రాణం మీదికొచ్చేది. "ఏమప్పా, ఇంజిను పగలగొట్టాలనుకున్యావా?" అని మీదికొచ్చేవాళ్లు. ఫెయిలు చేస్తే నవ్వుతూ అనంతపురం పోయి, అక్కడ ఏ పరీక్షా లేకుండా స్టిక్కరు తెచ్చుకుని, నా గది ముందు నుంచే హారన్ కొట్టుకుంటూ పోయేవాళ్లు. నేనొక్కణ్ణే హరిశ్చంద్రుణ్ణై ఎవరిని ఉద్ధరించాలి అనుకున్నాను. మిషను మీద గుడ్డ కప్పేశాను. తర్వాత ఆ గుడ్డ మీద టీ గ్లాసులు పెట్టుకోవడం మొదలైంది.

ఒక ఎండాకాలం అమ్మను మోపెడ్ మీద ఎక్కించుకుని బెళుగుప్పలో పిన్నమ్మ ఇంటికి తీసుకెళుతున్నాను. అమ్మకు ఆయాసం. దుమ్ము లేచినా, పొయ్యి రాజేసినా గుండెలు పట్టుకుని కూర్చుండిపోయేది. దారిలో ఒక కంకర లారీ మాకు ముందు పడింది. ఎత్తు ఎక్కుతూ ఎక్కుతూ నల్లటి పొగ మా ముఖాల మీదికి వదిలింది. దాటిపోదామంటే ఎదురుగా బస్సులు. అమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని నా వీపు మీద వాలిపోయింది. ఊపిరి అందక ఆమె ఎగపోయడం నా చొక్కా మీద తెలుస్తూ ఉంది.

కాస్త సందు దొరికితే దాటి, ముందుకు పోయి చెట్టు కింద ఆపాను. లారీ మెల్లగా మమ్మల్ని దాటింది. ముందద్దం మీద నా స్టిక్కరు. నా చేతిరాత నాకు తెలియదా? అమ్మకు ఊపిరి కొంచెం కుదురుకోగానే ఆ లారీ వైపు చూసి మెటికలు విరిచింది.

"ఇట్లాటి బండ్లను రోడ్డు మీదికి ఇడ్సినోడెవడో, వాని చేతులు పడిపోను!"

నేను నీళ్ల సీసా మూత తీసి ఆమె చేతికిచ్చాను. నా చేతులు మాత్రం ఆమె కంట పడకుండా హ్యాండిల్ మీద పెట్టుకున్నాను. ఆ లారీకి స్టిక్కరు ఇచ్చింది నేనేనని ఆమెకు ఎప్పటికీ చెప్పలేదు. నా పని బండ్లను చూసి రాసేదని ఆమెకు తెలుసు. చూడకుండా రాసేదని తెలియదు.

ఆరోజు నుంచే మారిపోయానని చెబితే అబద్ధం. సిగ్గు పుట్టింది, కానీ సిగ్గుతో పాటు బద్ధకమూ ఉంది. దసరా దాకా వాయిదా వేశాను. ఆయుధపూజ అయ్యాక మిషను తీసి సరిగ్గా పని మొదలుపెడతానని మనసులో గట్టిగా అనుకున్నాను. మంచి పనికి మంచి రోజు కావాలి కదా.

ఆయుధపూజ నాడు బంకు దగ్గర పండగే. లారీలు, జీపులు, ఆటోలు కడిగి, బొట్లు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, గుమ్మడికాయలు కొడుతున్నారు. నేను గుడ్డ తీసి, మిషను తుడిచి, పూలదండ వేసి, కుంకుమ పెట్టాను. అమ్మ ధూపం పట్టుకొచ్చింది. తనకు పడదని దాన్ని చేయి చాపి దూరంగా పట్టుకుని, ముక్కుకు కొంగు చుట్టుకుంది. అంత ఆయాసం ఉన్నా నా మిషనుకు ధూపం తానే వేయాలని పట్టు.

"దీన్ని ఆన్ చెయ్యి రా," అంది.

"ఎందుకమ్మా?"

"ఏడాదంతా ఆ దరిద్రపు పొగ తింటాండాదే పాపం, ఈ ఒక్క పొద్దన్నా మంచి పొగ తాగనీ."

బంకు కుర్రాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. ఏడాదంతా అది తిన్నది టీ మరకలేనని ఆమెకు చెప్పలేను కదా. ఆన్ చేశాను. అమ్మ పైపు కొస పట్టుకుని ధూపం గిన్నె మీద ఉంచింది. గుప్పిళ్లకొద్దీ సాంబ్రాణి వేసింది. పొగంతా లోపలికి పోతుంటే, బిడ్డకు పాలు తాగిస్తున్నట్టు మురిసిపోయింది. అంకె పెరుగుతూ ఉంటే "సూడు, ఎంత ఆకలి మీద ఉండాదో" అంది. నాకైతే ఆ క్షణంలో ఏదో పాపం కడిగేసుకున్నట్టే అనిపించింది.

పండగయ్యాక మాట మీద నిలబడ్డాను. వచ్చిన ప్రతి బండికీ పైపు పెట్టాను. ప్రతి బండికీ అన్నాను గానీ అందులోనూ ఒక బొక్క ఉంది. ఒక పెద్దాయన ఉండేవాడు. భూములు, కాంట్రాక్టులు, పార్టీ పదవి అన్నీ ఉన్నాయి. నా రేకుల గది నిలబడిన స్థలం కూడా ఆయనదే. ఆయన కొత్తగా, జనాన్ని తిప్పడానికి ఒక పాత ట్రాక్స్ జీపు కొన్నాడు. పండగైన వారంలోనే ఆయన మనిషి మోటారు సైకిలు మీద వచ్చి బండి నంబరు చెప్పాడు. బండి తీసుకురమ్మని నోటిదాకా వచ్చింది. నోటిదాకానే వచ్చింది. రాసిచ్చాను. దీన్ని లెక్కలో వేసుకోకూడదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

మిగతా బండ్లు వరసబెట్టి ఫెయిలయ్యాయి. నాకు ఆశ్చర్యం వేయలేదు. ఇన్నేళ్లూ ఎంత దొంగ పొగ వదిలిపెట్టానో అనుకున్నాను. అంకె హద్దు దాటినప్పుడల్లా నా నిజాయితీ పెరుగుతున్నట్టు ఛాతీ ఉబ్బేది. డ్రైవర్లు తిట్టి, అనంతపురం పోయి స్టిక్కర్లు తెచ్చుకున్నారు.

కంబదూరు రోడ్డులో జీపు నడిపే ఒకతను మాత్రం నన్ను తిట్టలేదు. సొంత జీపు. దాన్ని రోజూ కడిగేవాడు. ఊళ్లలో ముసలివాళ్లకు టౌన్లోంచి మందులు తెచ్చిచ్చేవాడు. అమ్మ ఎప్పుడైనా ఎక్కితే ముందు సీట్లో కూర్చోబెట్టి, దుమ్ము తగలకుండా పక్క పరదా దించేవాడు. నేను పైపు తీసుకుని దగ్గరికి పోతే అతనే ఉత్సాహపడ్డాడు.

"పెట్టు పెట్టన్నా. నా బండి కడిగిన ముత్యం."

అంకె హద్దు దాటి ఎక్కడికో పోయింది. అతని ముఖం చిన్నబోయింది. "ఇంగోసారి సూడన్నా" అన్నాడు. చూశాను. అంతే. వెనక సీట్లో కూర్చున్న ఆడవాళ్లు కిసుక్కుమన్నారు. అతను సైలెన్సరు దగ్గర వంగి, అందులో వేలు పెట్టి చూసుకున్నాడు. పరీక్షలో తప్పిన పిల్లవాడి తండ్రిలా నిలబడ్డాడు.

అతనికి తొందర ఉంది. బండి తిరగడానికి పనికొస్తుందని బ్రేకిన్‌స్పెక్టరు ఇచ్చే ఎఫ్‌సీ గడువు దగ్గరపడింది. పొగ సర్టిఫికెట్ లేనిదే ఎఫ్‌సీ రాదు. ఎఫ్‌సీ లేనిదే జీపు స్టాండులో నిలబెట్టనివ్వరు. ఆ స్టాండుకు ఇంకొక కట్టుబాటు ఉంది. ప్రతి అమావాస్యకూ జీపులన్నీ వరసగా నిలబెట్టి పూజ చేస్తారు. ఆరోజు ఎవరి బండి వరసలో లేదో, స్టాండులో జనాన్ని ఎక్కించుకునే వాళ్ల వంతు వేరేవాళ్లకు పోతుంది. ఒకసారి పోయిన వంతు మళ్లీ రావడం కలలో మాట. వంతు కోసం కాచుకుని ఉన్నవాళ్లు చాలామంది. దీపావళి అమావాస్య ముందుకొస్తూ ఉంది.

అతను జీపును మెకానిక్కు ఇచ్చాడు. ఇంజినులోకి డీజిల్ చిమ్మే నాజిళ్లు శుభ్రం చేయించాడు, డీజిల్ పంపు విప్పించి బిగించాడు. మళ్లీ తెచ్చాడు. అంకె కాస్త తగ్గింది గానీ హద్దు దిగలేదు. డీజిల్ తగ్గించేసరికి బండి ఎత్తు ఎక్కలేకపోతోందని, జనం దిగి తోస్తున్నారని చెప్పాడు. మళ్లీ పోయాడు, ఇంకేదో చేయించాడు. అమావాస్యకు ముందురోజు మధ్యాహ్నం మళ్లీ వచ్చాడు. మళ్లీ ఫెయిలు.

అప్పుడు అడిగాడు. అంతకుముందు ఒక్కసారి కూడా అడగని మాట.

"ఈ ఒక్కసారికి రాసీయన్నా. ఇన్నేండ్లు రాసిస్తివి కదా."

ఆ మాటకు నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. తప్పు చేయడం మానేసిన కొత్తలో మనిషికి పట్టే పొగరు అంతా ఇంతా కాదు. ఉపన్యాసం మొదలుపెట్టాను. అమ్మ ఆయాసం గురించి చెప్పాను. కంకర లారీ గురించి చెప్పాను, దాని అద్దం మీద ఎవరి స్టిక్కరుందో మాత్రం మింగేశాను. "మనిషి అబద్ధం చెప్తాడప్పా, మిషను చెప్పదు" అన్నాను. ఈ మాట తలుచుకున్నప్పుడల్లా ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

అతను జీపు సైలెన్సరు వైపు ఒకసారి చూశాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు.

"అమ్మ నా బండ్లో శానాసార్లు వచ్చిండాది. నా పొగతోనే ఆయాసం ఎక్కువైండాదంటావా?"

కాదు అనొచ్చు. ఆ ఒక్క మాటకు నాకు ఖర్చేమీ లేదు. నేను మిషను వైపు చూస్తూ ఊరుకున్నాను. అతను తల ఊపి వెళ్లిపోయాడు.

అనంతపురం పోయి స్టిక్కరు తెచ్చుకుంటాడనుకున్నాను. అందరూ తెచ్చుకున్నారు. అతను పోలేదు. మర్నాడు అమావాస్య పూజలో అతని చోటు ఖాళీగా ఉందని, సాయంత్రానికి ఆ వంతు పెద్దాయన ట్రాక్స్‌కు పోయిందని టీ కొట్టు దగ్గర విన్నాను. ఎవరో "వానికి పిచ్చి, అనంతపురం పోయింటే అయిపోయేది" అన్నారు. నేను టీ తాగకుండానే లేచి వచ్చేశాను. కొన్నాళ్లకు జీపు అమ్మేశాడని తెలిసింది.

చలికాలం నడిమధ్య ఒక మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది. మిషను దానంతటదే ఆన్ అయింది. బండ్లు ఏవీ లేవు. పైపు గోడకు మేకు మీద వేలాడుతోంది. బంకులో కూడా ఎవరూ లేరు. అయినా మిషను మీద అంకె కనబడుతోంది, అదీ చిన్నది కాదు. కాసేపటికి తగ్గుతుందని చూశాను. తగ్గలేదు. వట్టి గాలికే పొగ ఉందంటోంది.

మరలు తీసి డబ్బా తెరిచాను. లోపల అద్దాల మీద గోధుమరంగు పొర కట్టి ఉంది. వేలితో తాకితే బంకగా అంటుకుంది. గుడ్డతో గట్టిగా రుద్ది వాసన చూశాను. సాంబ్రాణి.

ట్రైనింగులో చెప్పింది అప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చింది. పొద్దున్నే అద్దాలు తుడవాలి. పైపు మంచి గాలిలో పెట్టి, అంకె సున్నాకు వచ్చిందో లేదో చూసుకోవాలి, రాకపోతే సరిచేయాలి. ఆ తర్వాతే మొదటి బండి. కొన్నేళ్లు మిషనే వాడనివాణ్ణి, సున్నా చూసుకోవడం ఎక్కడ గుర్తుంటుంది? తప్పు అమ్మది కాదు. ఆమె ఇచ్చింది ధూపమే. పొద్దున ఒక్కసారి అద్దం తుడిచి, సున్నా చూసుకుని ఉంటే అంతా తెలిసిపోయేది. చూడకుండా రాసినన్నాళ్లూ దొంగ బండ్లను వదిలాను. చూసి రాయడం మొదలుపెట్టి మంచి బండిని ఆపాను.

అంతకంటే నన్ను తొలిచేసింది ఇంకొకటి. నా పరీక్షను నమ్మనివాళ్లకు ఏ నష్టమూ జరగలేదు. వాళ్లు అనంతపురం పోయారు. స్థలం ఉన్నవాడికి పైపే తగల్లేదు. నమ్మినవాడొక్కడే నష్టపోయాడు.

అద్దాలు తుడిచాను, సున్నా సరిచేశాను. ఫెయిలైన డ్రైవర్లు ఎవరైనా కనిపిస్తే మిషను తప్పని చెప్పాను. వాళ్లు నవ్వి, నన్ను ఇంకో నాలుగు మాటలని పోయారు. అమ్మను ఎక్కించుకునే ఆ జీపతనికి చెప్పడానికి కంబదూరు మాత్రం పోలేకపోయాను. ఈ ఆదివారం, వచ్చే ఆదివారం అనుకున్నాను. జీపు అమ్మేసినవాడికి ఇప్పుడు చెప్పి ఏం లాభం, పుండు కెలికినట్టు అవుతుంది అనుకున్నాను. పిరికితనానికి కారణాలు వెతకడం నాకు బాగా వచ్చు. ఆ రోడ్డు మీద పోయే బస్సు ఎదురుపడితే తల పక్కకు తిప్పుకునేవాణ్ణి.

సర్టిఫికెట్ గడువు ఆర్నెల్లే. ఎండలు ముదిరాక పెద్దాయన ట్రాక్స్ గడువు తీరింది. ఈసారి మోటారు సైకిలు మీద మనిషి రాలేదు. ట్రాక్సే వచ్చింది. దాని స్టీరింగు దగ్గర అతనే ఉన్నాడు. తన వంతులో తిరుగుతున్న బండిని జీతానికి నడుపుతున్నాడు.

"ఏమన్నా, బాగుండావా? అమ్మకు ఎట్లుండాది?" అని దిగకుండానే పలకరించాడు.

ఇంక దాచడం నా వల్ల కాలేదు. కిటికీ పట్టుకుని అంతా చెప్పేశాను. ధూపం, అద్దం మీద పొర, నేను చూసుకోని సున్నా, తెలిసి కూడా ఇన్నాళ్లూ రాకపోవడం. అతను ఇంజిను ఆపి విన్నాడు.

"అంటే నా బండి మంచిదేనా?" అన్నాడు చివరికి.

"మంచిదేనప్పా."

"కొనుక్కున్నోనికి నేనే చెప్తిని, ఇది పొగ బండప్పా, మిషను కూడా చెప్పిండాది అని. వాడు ఇనుము కింద జమకట్టి తీసుకపాయ. దాన్ని తిప్పేది కూడా లేదంట, సామాన్లు ఇప్పుకుని అమ్ముకున్యాడంట."

అతను నన్ను తన్నినా బాగుండేదనిపించింది. ఏదో ఒకటి సరిగ్గా చేయాలన్న ఆత్రంతో గోడ మీది పైపు తీశాను. "పెద్దాయనదైతే ఏమి, ఈరోజు దీనికి పెట్టి చూస్తాను. గది పోతే పోనీ" అన్నాను. ఆ మాట నిజంగానే అన్నాను.

అతను గబగబా దిగి వచ్చి నా మణికట్టు పట్టుకున్నాడు.

"వద్దన్నా. ఇది నిజంగానే పొగ కక్కుతాది. నాకు తెలీదా? ఫెయిలయితే పెద్దాయన బండి బాగు చేపిస్తాడనుకున్యావా? నన్ను తీసేసి ఇంగొకన్ని ఎక్కిస్తాడు, ఆ డ్రైవరు అనంతపురం పోయి స్టిక్కరు తెచ్చుకుంటాడు. ఇంట్లో పిల్లోల్లుండారన్నా."

పైపు నా చేతిలో అలాగే ఉంది. అతను దాన్ని మెల్లగా తీసుకుని మేకుకు తగిలించాడు.

"నా బండికి తప్పు రాసి ఇంట్లో కూర్చోబెడితివి. దీనికీ తప్పే రాయన్నా, నేను తిరుగుతా."

వెటకారం లేదు ఆ గొంతులో. బతిమాలుతున్నాడు. నేను కుర్చీలో కూర్చుని రాశాను. బండి నంబరులో ఒక్క అంకె కూడా తప్పు పోకుండా రాసిచ్చాను.